ఆకు వేశాకే సీసా

"అమ్మణీ, రేపు నాకు ఆకు వేస్తావా?"

"వేస్తానణ్ణా. ముందు మీరు లేచి కూసోండి."

"నల్లి ఎముక ఉండాల."

"ఉంటాది."

"మిరపకాయ తగిలిందో, నేను లేచి పోతాను."

"ఇన్నేండ్లకి నాకు వంట నేర్పిస్తుండారా? సుమ్మా ఊరికే పడుకోండి."

నవ్వారు. గొంతులో గాలి తప్ప నవ్వు లేదు గాని భుజాలు కదిలాయి. దుప్పటి కాళ్ళ మీదికి లాగి వచ్చేశాను. మర్నాడు మాంసం కొట్టుకు పోదామని సంచి చేతిలోకి తీసుకునేసరికి ఆయన పోయారని కబురు వచ్చింది. ఆ సంచి అట్లాగే పట్టుకుని ఆయన ఇంటికి నడిచాను.

ఆయన పేరు చెప్పను. మా ఆడబిడ్డ మొగుడు. మా వైపు ఆడవాళ్ళం ఆ వరసవాళ్ళను పేరు పెట్టి పలకం, ఇప్పుడు పలకబోయినా నోరు తిరగదు. నాకు అన్న, అంతే. నేను మదురై పక్క నుంచి కోయంబత్తూరుకు కోడలిగా వచ్చిన నాటి నుంచీ నన్ను అమ్మణీ అనే పిలిచారు, ఇక్కడ అందరు ఆడపిల్లలనూ పిలిచినట్టే. నా తల నెరిసింది, మొగుడు పోయాడు, మనవలకు పెళ్ళిళ్ళయ్యాయి. ఆయన నోట్లో మాత్రం నేను అమ్మణినే.

ఇది రాస్తున్నది నా మనవడి భార్య హారిక. నెల్లూరు పిల్ల. ఇంట్లో పొద్దస్తమానం తెలుగు మాట్లాడతాం గాని మాలో ఎవరికీ రాయడం రాదు. పిల్లలంతా అరవంలోనో ఇంగ్లీషులోనో చదివారు. నాకైతే సంతకం వరకే, అదీ అరవంలో. నేను చెబుతుంటే ఈ పిల్ల దాన్ని పుస్తకంలో మాటల్లా దిద్ది రాస్తోందని తెలుసు. దిద్దుకోనీ. మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటలు మాత్రం ముట్టుకోవద్దని చెప్పాను.

ఎందుకు రాయిస్తున్నానంటే, వచ్చే నెల అన్న ఏడాది తిథి.

మాలో పోయినవాళ్ళకు తిథినాడు పటం ముందు అరటాకు వేసి, వాళ్ళు బతికుండగా ఇష్టపడిందంతా వండి పెడతాం. పడయల్ అంటాం. పెట్టిన ఆకు ముందు కూర్చుని తర్వాత తినవలసింది కొడుకు. మా మామగారి తాతను కళ్ళతో చూసినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. ఆయన ఎట్లా నవ్వేవాడో, ఎవరి మీద కసురుకునేవాడో ఎవరికీ తెలియదు. కానీ ఆయన ఆకులో చుట్ట, ఎండుచేప పెట్టాలని ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు. ఇప్పుడు ఆ మనిషంటే చుట్టా, ఎండుచేపే. ఆకు మీద ఏది పెడితే పోయినవాళ్ళు మెల్లమెల్లగా అదే అయిపోతారు.

కర్మ రోజున అన్న ఆకు మీద బ్రాందీ పెట్టారు.

చిన్న సీసా, పక్కన ప్లాస్టిక్ గ్లాసు. ఆకులో మిరపకాయలు తేలుతున్న మాంసం, ఎర్రగా వేయించిన చేప. పెట్టింది ఆయన కొడుకు రఘు. తిరుప్పూరులో బనియన్ల వ్యాపారం వాడిది. చెడ్డవాడు కాదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. పందిట్లో కూర్చున్న మగవాళ్ళలో ఎవరో, "పెద్దాయన నిండుగా తాగి పోనీ. కుడికారన్ అయినా గౌరవమైన కుడికారన్" అన్నాడు. కుడికారన్ అంటే తాగుబోతు. అందరూ ప్రేమగానే నవ్వారు. ఆ ప్రేమే నాకు ముల్లులా దిగింది.

రఘును పక్కకు పిలిచాను.

"ఇదేంటి కణ్ణు? మీ నాయన దీన్ని చేత్తో ముట్టలేదే?"

"గ్లాసు పెట్టుకొని తాగినారు గదా అత్తా. నేను చూడలేదా?"

"అది వేరే రా. ద్రాక్షది."

"ఏదైతే ఏంది? అంతా ఒకటే. బతికినన్నాళ్ళూ అది వద్దు వద్దు అని కొట్టుకున్నోణ్ణి, ఈరోజు ఆయనకిష్టమని నా చేత్తో కొని తెచ్చి పెడుతుండాను. ఇంకేమి చేసేది నేను?"

కళ్ళు తుడుచుకుని పటం ముందుకు పోయాడు. పూజ అయ్యాక వాడు ఆ ఆకులో మాంసం రెండు ముద్దలు తిని, బ్రాందీ తీసుకుపోయి కరివేపాకు చెట్టు మొదట్లో పోశాడు. వాడి పిల్లలు నిలబడి చూస్తున్నారు. తాతంటే ఆ సీసా అని వాళ్ళ కళ్ళలోకి దిగుతుంటే నేను చూశాను. వాళ్ళ పిల్లలకు ఆయన ఎట్లాంటివాడో చెప్పేవాళ్ళు ఉండరు, బ్రాందీ ఒక్కటే మిగులుతుంది.

అందుకే చెబుతున్నాను. రాసుకో అమ్మాయీ.

అన్న మిల్లులో ఫిట్టరు. నూలు చుట్టే మెషీన్లు ఇటలీ నుంచి వస్తుంటే, వాటిని బిగించడం నేర్చుకు రమ్మని మిల్లువాళ్ళు ఆయన్ను ఆ దేశం పంపారు. అప్పటికి పెళ్ళి అయిన కొత్త. ఆ ఊరు కొండల అడుగున ఉంటుందట, మన మేట్టుపాళయంలాగే. ఒక ముసలమ్మ ఇంట్లో మేడ మీద గది. ముసలమ్మే వండి పెట్టేది. కంచం పక్కన ఒక గ్లాసు ద్రాక్షసారాయి పోసి, ఎదురుగా కూర్చుని ఆయన మొహం చూసేదట, నచ్చిందా లేదా అని. ఆమె మాట ఈయనకు రాదు, ఈయన మాట ఆమెకు రాదు. మొహాలతోనే కాపురం చేశాం అనేవారు అన్న.

ఆ ద్రాక్ష పేరు నెబ్బియోలో. అన్న దాన్ని పాట అందుకున్నట్టు సాగదీసి పలికేవారు. మా వదినకు, అంటే ఆయన భార్యకు, ఆ పేరుతో పని లేదు. దొరసాని అనేది. మెషీన్లు చూడటానికి ఆ దేశపువాళ్ళు వచ్చినప్పుడల్లా ఆయన కోసం ఒక సీసా తెచ్చేవాళ్ళు. సీసా గుమ్మం దాటగానే వదిన కొంగు బిగించేది.

"దిగింది దొరసాని. ఇంక నేను వంటమనిషిని."

"వంటమనిషి లేకుంటే దొరసాని నోరు తెరవదే పిచ్చిదానా."

సీసా రాని ఏళ్ళూ ఉన్నాయి. ఆ ఏళ్ళలో ఆయన ఏదీ తాగలేదు. పెళ్ళిళ్ళలో మగవాళ్ళు గుంపుగా మేడ మీదికి పోతూ, "మామా, ఒక పెగ్గు?" అని చెయ్యి పట్టి లాగితే, "నా దొరసాని ఊర్లో లేదు తంబీ. లేనప్పుడు ఇంకొకదాన్ని చూసే వంశం కాదు మాది" అని ఆడవాళ్ళ పక్కకు వచ్చి కూర్చుని వక్కలు కత్తిరించేవారు.

ఆదివారం పొద్దున తలంటుకుని వచ్చి సీసా బిరడా తీసేవారు. తీసి తాగేవారు కాదు. పలచని గుడ్డ కప్పి కిటికీ లోపల, ఎండ తగలని చోట పెట్టేవారు. మధ్యాహ్నం దాకా దాని జోలికి పోయేది లేదు. ఎవరైనా వాకిట్లో గట్టిగా మాట్లాడితే వేలు పెదాల మీద పెట్టుకునేవారు.

"మెల్లగా. నిద్ర లేస్తుండాది."

"తాగేదానికి నిద్ర ఏంటణ్ణా?"

"ఇంతకాలం సీసాలో ఊపిరి బిగించుకొని ఉండాది గదా. వెంటనే పోస్తే ముఖం చిట్లిస్తాది. గాలి తగిలి, మనిషి వాసన తగిలి, సరే ఈ ఇంట్లో ఉంటాను అనుకోవాల."

ఇంటి నిండా అప్పుడు ఒక రకమైన నిశ్శబ్దం ఉండేది. పొయ్యి మీద మాంసం సన్నగా గొణుక్కుంటూ ఉండేది. గోడ గడియారం కూడా కాళ్ళు ఎత్తి వేస్తున్నట్టు ఉండేది. వదినా నేనూ చిన్న ఉల్లిపాయలు ఒలుస్తూ కూర్చుంటే, ఎదురు గోడ మీద ఎండ పల్లెం మెల్లగా కిందికి జారేది. ఆ ఆదివారాల్లో నాకు నిద్రా కాదు, మెలకువా కాదు.

ఆకు వేశాకే సీసా. ఇది ఆయన చట్టం. ఆకు కడగాలి, మూలన ఉప్పు పెట్టాలి, అన్నమో సంగటో పడాలి, కూర పడాలి, అప్పుడు కూర్చుని గ్లాసులో పోసుకునేవారు. టీకొట్టు గ్లాసు, ఒక్కటి. ఒకసారి మా బంధువు ఒకాయన వచ్చి, "ముందు కొంచెం పొయ్యి బావా, ఆకలి పుడతాది" అన్నాడు. అన్న బిరడా పెట్టేశారు.

"ఆకు ఏది? ఆకు లేకుండా పోస్తే ఇది సారాయి. ఆకు ముందర పోస్తే సాపాటు."

గ్లాసును కట్టుకున్న తెల్లటి వేష్టి మీద పట్టుకుని చూసేవారు. ఎర్రటి వెలుగు చుక్క ఒకటి తొడ మీద వణుకుతూ ఉండేది. నేను వేలు పెడితే నా వేలి మీదికి ఎక్కేది.

"చూస్తివా అమ్మణీ? ఎంత పలచనో. అంచు చూడు, పాత ఇటుక రంగు. పలచగా ఉండాదని నమ్మేవు. నోట్లోకి పోతే చెంపలు పట్టుకొని లాగుతాది."

"మా అత్తగారి మాదిరి."

"ఏయ్, మా అమ్మనే అంటుండావా?" అని వదిన గరిటె ఎత్తేది.

"తప్పేముందే? మీ అమ్మకూ బాగా కొవ్వున్న మాంసం పెడితే గాని మాట మెత్తబడదు" అనేవారు అన్న. వదిన గరిటె దించి నవ్వేది.

దానికి ఏ తిండి సరిపడుతుందో ఆయన వెతికినట్టు పిల్లకు సంబంధం కూడా ఎవరూ వెతకరు. ఒకసారి దిండిగల్ పోయి బిర్యానీ ఆకులో కట్టించుకుని, ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చారు. పొట్లం ఇంకా వెచ్చగా ఉంది. ఒక ముద్ద తిని, ఒక గుక్క తాగి, అట్లా కూర్చుండిపోయారు.

"ఎట్లుండాది?" అంది వదిన.

"రెండూ మంచివే. ఒకే ఇంట్లో కాపురం చేయలేవు."

కారం తగిలితే దాని వగరు చేదైపోతుందట, నోట్లో మంట మీద మంట. అయినా బిర్యానీని తప్పు పట్టలేదు. నీళ్ళు తాగుతూ దాన్ని మొత్తం తిని, చెయ్యి కడుక్కుని, నోరు చల్లబడేదాకా వాకిట్లో తిరిగి వచ్చి, అప్పుడు ఒక కోడిగుడ్డు నేతిలో వేయించమని అడిగారు. మంచివాటిని రెంటినీ వేరువేరుగా గౌరవించాలి అనేవారు.

చేపతో తాగి, "స్పానర్ నాకినట్టుండాది" అన్నారు. రసంతో తాగితే నీళ్ళయిపోయింది. పులుపు దాన్ని మింగేసింది. ఆవకాయ జాడీని అయితే సీసా తెరిచిన రోజు పక్కగదిలోకి పంపేవారు, ఇద్దరు సవతులను విడదీసినట్టు.

చివరికి దొరికింది మా వంటింట్లోనే. మాంసం ఎముకతో, మూలుగ నిండిన నల్లి ముక్కలతో, చిన్న ఉల్లిపాయలు, మిరియాలు, నెయ్యి, ఉప్పు. మిరపకాయ లేదు, చింతపండు లేదు. కట్టెపొయ్యి మీద పొద్దుటి నుంచీ సన్న సెగన ఉంచితే మాంసం ఎముకను దానంతటదే వదిలేసేది. పక్కన రాగి సంగటి, మధ్యలో గుంట చేసి వెన్న. మొదటిసారి అది తిని, గ్లాసు ఎత్తి, ఆయన కళ్ళు మూసుకున్నారు.

"ముసలమ్మ మొక్కజొన్న పిండితో సంగటి కెలికేది. ఇంత పెద్ద రాగి గుండిగలో. నేను ఆ దేశం పోయినానా, ఆ దేశం ఇక్కడికొచ్చిందా తెలియకుండా ఉండాది నాకు."

"వగరు ఏమైంది?" అని అడిగాను.

"వగరుకి పట్టుకునేదానికి కొవ్వు కావాల అమ్మణీ. దొరికిందంటే దాన్ని పట్టుకొని మనల్ని వదిలేస్తాది. దొరకలేదంటే మన నాలుకనే పట్టుకుంటాది."

ఒకసారి మేట్టుపాళయంలో వదిన వాళ్ళ బంధువుల వక్కతోటకు ముగ్గురం పోయాం. తెల్లవారి స్టేషన్ పక్కకు నడిచి వస్తే పొగమంచు. కొండ రైలు ఇంజను ఊపిరి వినిపిస్తోంది గాని ఇంజను కనిపించదు. ఎదురుగా ఉండవలసిన నీలగిరి మొత్తం లేదు.

"కొండ యాడికి పోయింది?" అన్నాను.

"యాడికీ పోలేదు. కూసోనుండాది. మనం కొంచెం ఓర్చుకోవాల."

ఆ ద్రాక్ష పండటం చాలా ఆలస్యమట. మిగతా తోటలన్నీ కోసేశాక, ఆ కొండల మీదికి ఇట్లాంటి మంచు దిగే రోజుల్లో కోస్తారట. మంచు పేరే దానికి పెట్టారు అన్నారు. జేబులోంచి తోటలో ఏరిన పచ్చి వక్క తీసి కొరకమని ఇచ్చారు. కొరికాను. నోరంతా ముడుచుకుపోయి నాలుక అంగిలికి అంటుకుంది.

"ఇదే దాని నడత. వెంటనే ఉమ్మేవు. ఉంచుకో" అన్నారు.

ఉంచుకున్నాను. ముగ్గురం చలికి కొంగులూ తువ్వాళ్ళూ చుట్టుకుని నిలబడ్డాం. కొంతసేపటికి తెల్లదనం లోపల ముందు ఒక గీత వచ్చింది, తర్వాత ఒక భుజం, తర్వాత తడి నీలంగా కొండ మొత్తం. నా నోట్లో వగరు అప్పటికి ఏదో తీపిలోకి తిరిగింది. ఆయన నా మొహం వైపే చూస్తున్నారు, ఆ ముసలమ్మ ఆయన మొహం చూసినట్టు.

ఇప్పుడు మా ఇంటాయన సంగతి. ఆయన రోడ్లు వేసే రోలరు నడిపేవాడు. చొక్కాకు, జుట్టుకు, గోళ్ళ సందులకు తారు వాసన. పెళ్ళయిన కొత్తలో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. తర్వాత తర్వాత ఆ వాసన వాకిట్లోకి వస్తేనే పొయ్యి మీద గిన్నె పెట్టబుద్ధయ్యేది. ఒకరోజు పనిలోనే గుండె పట్టుకుని కూర్చున్నాడు, ఇంటికి తెచ్చేసరికి అయిపోయింది. పడుకోబెట్టారు. దండల మీద దండలు వేశారు, అన్నీ పన్నీరు రోజాలే. స్నానం చేయించినా జుట్టులో తారు పోలేదు. ఆ పక్కన కూర్చున్నాను. ఏడుపు రాలేదు. రాయి అన్నారు నన్ను.

ఆ తర్వాత నా నోరు చచ్చిపోయింది. ఉప్పు ఉప్పులా లేదు, బెల్లం బెల్లంలా లేదు. గోనెలో మట్టి నింపుకున్నట్టు అన్నం నింపుకునేదాన్ని. చిక్కి సగమయ్యాను. మొదటి వానలు పడ్డాయి. పుట్టల పక్కన లేచే పుట్టగొడుగులు ఎవరో తెచ్చి ఇస్తే, ఆదివారం వదిన వచ్చి నా చెయ్యి పట్టి వాళ్ళింటికి లాక్కుపోయింది. కిటికీలో గుడ్డ కప్పిన సీసా ఉంది. నాకూ ఒక ఆకు వేశారు. పుట్టగొడుగులు నేతిలో, ఒట్టి మిరియాలు, ఉప్పు. వదిన పసిపిల్లలకు మందు పోసే పాలాడలో ఆ ఎర్రటిది కొంచెం పోసి నా ముందు పెట్టింది.

"అయ్యో వదినా, ముండమోసినదాన్ని. నలుగురు వింటే?"

"విననీ. వాళ్ళొచ్చి నీకు ఆకలి తెస్తారా? మందనుకొని తాగు."

అన్న నేను సిగ్గుపడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. తాగాను. నోరు ముడుచుకుపోయింది.

"ఏముండాది?" అన్నారు, అటు తిరిగే.

"వక్క."

"పుట్టగొడుగు తిను."

తిన్నాను. నెయ్యి నాలుక మీద పరుచుకుంది. ముడుచుకున్న నోరు మెల్లగా, తడిసిన గుడ్డ విప్పుకున్నట్టు విప్పుకుంది. మట్టి రుచి. వాన పడ్డ మట్టి. ఎన్నో వారాల తర్వాత నా నోటికి ఏదో తెలిసింది. పాలాడ ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను.

"తారు" అన్నాను.

అన్న గిర్రున తిరిగారు. "ఏమన్నావు?"

"తారు వాసన. కొత్తగా వేసిన రోడ్డు. దాని మీద… పన్నీరు రోజా. రెండూ, అణ్ణా. రెండూ కలిసి వస్తుండాయి."

అంతే, లోపల ఎక్కడో కట్ట తెగింది. ఆకు మీద వంగి ఏడ్చాను. వదిన లేవబోతే అన్న చెయ్యి ఎత్తి ఆపారు. ఏడవనిచ్చారు. నా ఏడుపు తగ్గాక, ఆయన కళ్ళలోనూ నీళ్ళున్నాయని చూశాను. కానీ అవి నా కోసం మాత్రమే కాదు.

"ముసలమ్మ ఇంటి ముందర రోడ్డు వేస్తుండినారు అమ్మణీ" అన్నారు, కల చెబుతున్నట్టు. "ఆమె నాకు గ్లాసు పోసి, ముక్కు చూపించి, బయట రోడ్డును చూపించేది. తర్వాత గోడ పక్కన రోజా చెట్టును చూపించేది. మళ్ళీ గ్లాసును చూపించేది. నేనేమో, మా ఇంటి ముందర రోడ్డు వచ్చింది, మా ఇంట్లో రోజా పూసింది అని గొప్ప చెబుతుందనుకొని, తల ఊపి, బాగుండాది బాగుండాది అంటి. పుట్టినప్పటి నుంచీ ఇనుమూ ఆయిలూ పీల్చిన ముక్కు నాది. ఆ వాసన నాకు ఒక్కనాడూ రాలేదు. ముసలమ్మ నాతో ఏమి చెప్పిందో నాకు ఈరోజు తెలిసింది."

గ్లాసు ఎత్తి మళ్ళీ వాసన చూశారు. తల అడ్డంగా ఊపి నవ్వారు. "లేదు. నాకు రాదు. పరవాలేదు. నీకు వస్తుంది గదా."

ఆ తర్వాత సీసా తెరిచిన ప్రతిసారీ నా ఆకు పక్కన పాలాడలో ఒక గుక్క ఉండేది. ఆయన మెల్లగా అడిగేవారు.

"ఉండాడా?"

"ఇంకా రాలేదు అణ్ణా. కొంచెం ఆగండి."

సంగటి సగం అయ్యేసరికి, వెన్న కరిగేసరికి, వచ్చేవాడు మా ఇంటాయన. జుట్టులో తారుతో, మెడలో రోజాలతో. "ఉండాడు" అనేదాన్ని. "సరి, సాపాటు కానీ" అనేవారు. అంతకన్నా ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఇవేవీ రఘుకు తెలియవు. కాలేజీకి పోయే వయసులో స్నేహితులు కుడికారన్ కొడుకు అని ఏడిపించారట. అప్పటి నుంచీ సీసా కిటికీలోకి వస్తే వాడు చెప్పులు వేసుకునేవాడు. పెళ్ళయ్యాక కూడా అంతే. అయినా అన్న వాడికీ ఒక ఆకు వేయించేవారు. కూర చల్లారేది, ఆకు ఎండేది.

"పిలవచ్చు గదా అణ్ణా? వివరంగా చెప్పచ్చు గదా?"

"సీసా ముందర పెట్టుకొని కొడుకుని పిలిచేదెట్ల అమ్మణీ? తాగు అన్నట్టుంటాది. తాగమని నేను చెప్పను. కూసోమని మాత్రం ఆశ. వాడే వస్తాడు."

రాలేదు. వదిన పోయింది. ఆయనా నేనూ రెండు ఆకులు వేసుకుని, వదినకూ రఘుకూ చెరొకటి వేసి, ముసలి ఆదివారాలు గడిపాం. సీసాలు తెచ్చేవాళ్ళు తగ్గిపోయి ఒక్కటే మిగిలింది. దాన్ని వదిన పాత నూలు చీరలో చుట్టి, పక్కకు పడుకోబెట్టి, బీరువా అడుగున దాచారు. పోయే ముందు రోజు ఆయన ఆకు అడిగింది దాని కోసమే. ఇల్లు సర్దుతున్నప్పుడు రఘు దాన్ని చీరతో సహా తెచ్చి నా మంచం కింద పెట్టి, "నీ దగ్గరుండనీ అత్తా, పారేసేదానికి చెయ్యి రాలేదు" అన్నాడు. పారేసేదానికి చెయ్యి రాలేదన్నాడు చూడు, ఆ మాట పట్టుకునే నేను ఇంతా చెబుతున్నాను.

తిథినాడు పొద్దున్నే ఆ సీసా తెరవాలి. గుడ్డ కప్పి ఊరుకోవాలి. వంట నేను చేస్తాను. వానలు పడితే పుట్టగొడుగులు, పడకుంటే నేతిలో గుడ్డు. టీకొట్టు గ్లాసు కడిగి ఉంచాను, ప్లాస్టిక్ వద్దు. ఆకు వేసి, అన్నీ వడ్డించి, అప్పుడు పొయ్యాలి. ఆ ఆకు ముందు తర్వాత కూర్చోవలసింది రఘు. తాగమని నేనూ చెప్పను. సంగటి తింటూ, ఆ గ్లాసు పక్కనుండగా, లేవకుండా చివరిదాకా కూర్చుంటే చాలు. వాడి పిల్లలు చూస్తారు. మా తాత ఒక గ్లాసు ముందు పెట్టుకుని, నల్లి ఎముక చీకుతూ, నలుగురితో నవ్వుతూ అన్నం తిన్న మనిషి అని వాళ్ళ మనసులో పడుతుంది. తర్వాత వాళ్ళ పిల్లలకు.

తిథికి సామాన్లు మాట్లాడటానికి రఘు ఇప్పుడే వచ్చాడు. వాకిట్లో బండి ఆపాడు, నాకు వినిపించింది. లోపలికి రమ్మను, ఇక్కడ నా మంచం మీద కూర్చోబెట్టు, కాఫీ తర్వాత. వాడికి తెలుగు చదవడం రాదు, నాకూ రాదు. వినడం ఇద్దరికీ వస్తుంది.

చదువమ్మా, మొదటి నుంచి. కొంచెం గట్టిగా.